పదిహేడో ప్రశ్న

వృద్ధుల సంరక్షణ శాఖ, నాలుగో అంతస్తు, భోజనాల గది
మార్చి 3

అమ్మమ్మా,

ఈ ఉత్తరం నీకు చదివి వినిపిస్తున్న కంపాజిటర్ తాతగారికి ముందుగా నమస్కారం. తాతగారూ, ఆమె మధ్యలో 'చాల్లెండి, ముందుకు పదండి' అంటే వినకండి. వరసగా చదవండి.

నా ఉద్యోగం ఖాయమైంది. నిన్ననే సంతకం పెట్టాను. నా బల్ల మీద హోదా రాసిన చెక్కముక్క కూడా పెట్టారు: అంచనా అధికారి. ఆస్పత్రి లాండ్రీలో ముప్ఫై ఒక్కేళ్ళు తడి దుప్పట్లు ఎత్తి నువ్వు చెప్పించిన చదువు ఆ చెక్క మీద ఎంత చోటు పట్టిందో తెలుసా? జానెడు.

పని ఏమిటని అడిగావు. ఒంటరిగా ఉండే పెద్దవాళ్ళ ఇళ్ళకు వెళ్తాను. నా దగ్గర పంతొమ్మిది ప్రశ్నల కాగితం ఉంటుంది. మంచం మీంచి సొంతంగా లేస్తారా, స్నానం చేయగలరా, మందులు వేళకు గుర్తుంటాయా, ఇలాంటివి. ఒక్కో ఇబ్బందికి కొన్ని పాయింట్లు. ఇరవై దాటితే, పాయింట్లను బట్టి ఇన్ని గంటలని, ప్రభుత్వం తరఫున ఇంటికి సహాయకురాలు వస్తుంది. ఇరవై లోపైతే ఎవరూ రారు. ఇంతకుముందు వార్డు నర్సు చీటీ రాస్తే సరిపోయేది. ఆ చీటీ ఎవరికి దొరికేదో నీకు తెలియనిది కాదు. ఏప్రిల్ నుంచి అందరికీ ఒకటే కాగితం. ఇది నాకు నచ్చింది అమ్మమ్మా. నీకంటే మీ కింద ఉండే నర్సు చెప్పి ఇప్పించింది, అందరికీ అలాంటి పరిచయాలెక్కడివి?

ఈరోజు ఒక దర్జీ ఇంటికి వెళ్ళాను. ఎనభై రెండేళ్ళ మనిషి, చేతులు వణుకుతున్నాయి. కింది వాటాలో కూతురు ఉంటుంది. అందుకని పదిహేడో ప్రశ్నలో, అంటే 'చూసుకునే కుటుంబ సభ్యులు' అన్న చోట, 'ఉన్నారు' అని గీత పెట్టాను. దాంతో ఎనిమిది పాయింట్లు తగ్గి ఆయనకు వచ్చే గంటలు సగమయ్యాయి. కూతురు గుమ్మంలో నిలబడి నా పెన్ను వైపే చూసింది. మా పై అధికారి ఆ కాగితం చూసి, కొట్టివేతలు లేకుండా శుభ్రంగా ఉందని మెచ్చుకున్నారు.

నీ దగ్గరికి వారానికి ఐదు పొద్దులు వచ్చే సహాయకురాలి విషయం కూడా కొత్త కాగితంతో మళ్ళీ తేలుస్తారు. మీ వార్డు నుంచి ఎవరో వస్తారు. ఉన్నది ఉన్నట్టు చెప్పు. అంతే చాలు.

నీ మనవరాలు

*

లాండ్రీ కార్మికుల క్వార్టర్లు, రెండో అంతస్తు, వంటగది
మార్చి 21

చిట్టితల్లీ,

చెక్కముక్క సంగతి రెండుసార్లు చదివించుకున్నా. కింద ఉండే నర్సుకీ చెప్పా. 'మీ మనవరాలు ఆఫీసరా' అంది. మరేమనుకున్నావు అన్నా.

మొన్న మా ఇంటికీ ఒక కాగితం పిల్ల వచ్చింది. మంచి పిల్ల. వస్తోందని తెలిసి పొద్దుటామె చేత ముందే స్నానం చేయించుకుని, ఇల్లు సర్దించి, ఆవిణ్ణి త్వరగా పంపించేశా. మంచం మీద దుప్పటి ఆస్పత్రి మడత వేశా. తలుపు నేనే తీశా. టీ నేనే పెట్టి ట్రేలో తెచ్చి ఇచ్చా. ఒక్క చుక్క ఒలకలేదు. తరవాత సాయంత్రం దాకా లేవలేదని రాయకండి కంపాజిటరు గారూ. చెయ్యి పైకి ఎత్తగలరా అంది. ఎత్తా. మెట్లు దిగుతారా అంది. దిగుతానన్నా. ఎప్పుడు దిగారని ఆ పిల్ల అడగలేదు, నేను చెప్పలేదు. కిందటేడు అని రాస్తున్నారా ఏమిటి? కొట్టెయ్యండి దాన్ని.

స్నానం మీరే చేస్తారా అని కూడా అడిగింది. ఊరందరి మురికి ఉతికిన దాన్ని, నా ఒళ్ళు నేను కడుక్కోలేనా అన్నా. నవ్వి రాసుకుంది.

తొమ్మిది పాయింట్లు వచ్చాయని నిన్న ఉత్తరం వచ్చింది. మన ఇంట్లో ఇంత తక్కువ మార్కులు తెచ్చుకున్న మనిషిని నేనే. ఒకటో తారీఖు నుంచి పొద్దుటామె రాదు. రాకపోతే ఏం, ఆవిడకి వేరే ఇళ్ళు లేవా. నువ్వేమీ మనసులో పెట్టుకోకు. వేళకి తిను.

అమ్మమ్మ

కంపాజిటర్ గమనిక: అమ్మాయీ, నలభై ఏళ్ళు అచ్చాఫీసులో సీసపు అక్షరాలు పేర్చిన చెయ్యి ఇది. కాపీలో ఏముంటే అది పెట్టడమే నా పని, దిద్దడం కాదు. 'రాయకండి' అన్నవి కూడా ఆమె చెప్పినవే కదా అని పెట్టాను.

*

సంరక్షణ శాఖ, నా బల్ల
మార్చి 26

అమ్మమ్మా,

నాకు కోపం వచ్చింది. రెండు రోజులు ఆగి రాస్తున్నాను, అయినా తగ్గలేదు.

నీ కుడి చెయ్యి భుజం దాటి లేవదు. నాకు జడ వేయాలంటే నన్ను నేల మీద కూర్చోబెట్టి నువ్వు స్టూలు మీద కూర్చునేదానివి. ఆ పిల్ల అడిగితే ఏ చెయ్యి ఎత్తావు? ఎడమ చెయ్యే కదూ. ఆ టీ ట్రే తెచ్చి ఎన్ని పాయింట్లు పోగొట్టుకున్నావో నేను చెప్పగలను: నాలుగు. అది నా పని కాబట్టి చెప్పగలను.

పెద్దవాళ్ళు ఎవరైనా వస్తే బాగున్నట్టే కనిపిస్తారని, స్నానాల గది చూడమని, మందుల పెట్టె తెరవమని మాకు శిక్షణలో చెప్పారు. ఆ పిల్ల చూడలేదు. రోజుకు ఆరు ఇళ్ళు తిరగాలి, చూడదు. నేను మాత్రం ఎన్ని ఇళ్ళలో చూశానని ఇప్పుడు తలుచుకుంటున్నాను.

ఏప్రిల్ 30 లోపల పునఃపరిశీలన కోరవచ్చు. ఇద్దరు మనుషులు మళ్ళీ వచ్చి చూస్తారు. కానీ నువ్వు మళ్ళీ ట్రే పట్టుకుంటే ఎవరు వచ్చి ఏం లాభం? అసలు ఎందుకు అలా చెప్పావు? నన్ను చిన్నపిల్లలా చూడకుండా జవాబు చెప్పు.

తాతగారూ, ఆమె చెప్పకపోతే మీరైనా చెప్పండి.

నీ మనవరాలు

*

క్వార్టర్లు, మూడో అంతస్తు, కిటికీ పక్క బల్ల
ఏప్రిల్ 8

అమ్మాయికి ఆశీస్సులు.

ఇది మీ అమ్మమ్మ ఉత్తరం కాదు, నాది. తన ఉత్తరంలో ఈ సంగతి రాయనని ఆమె నా చేత ఒట్టు వేయించుకుంది. నా ఉత్తరం గురించి ఒట్టేమీ లేదు.

మంగళవారం పొద్దున నీళ్ళ గొట్టం మీద మగ్గుతో కొట్టిన చప్పుడు వినిపించింది. ఆమె స్నానాల గది నా గది కిందే. ఇంటి తాళంచెవి ఒకటి నా దగ్గర ఉంటుంది కనుక కిందికి దిగి లోపలికి వెళ్ళాను. స్నానాల గదిలో పడిపోయింది. తలుపు తోయబోతే, 'రాకండి, ఒంటి మీద బట్ట సరిగా లేదు' అంది. నాకు డెబ్భై ఎనిమిది, కళ్ళజోడు తీసేసి వస్తానన్నా రానివ్వలేదు. కింది నర్సుకు ఫోను చేస్తే డ్యూటీ దిగుతున్నానని చెప్పింది. ఆవిడ వచ్చేదాకా నేను తలుపు బయట నిలబడ్డాను. ఏం మాట్లాడాలో తెలియక ఆరోజు పేపరంతా చదివి వినిపించాను, ప్రకటనలతో సహా. పాత సైకిలు అమ్మకానికి ఉందన్నది చదివితే లోపలి నుంచి 'ఎంతకట' అంది. నర్సు వచ్చేసరికి యాభై నిమిషాలు.

ఎముకలు విరగలేదు. మోకాలి కింద బెత్తెడు చర్మం లేచిపోయింది. నర్సు దయగల మనిషే, కట్టు కడుతోంది. కానీ ఆవిడకు ఆవిడ ఇల్లు ఉంది, ఆస్పత్రి ఉంది. రోజూ రమ్మని అడగలేం.

ఎందుకు అబద్ధం చెప్పిందని అడిగావు. ఇక్కడే ఉంటున్న ఇంకో ఇద్దరు లాండ్రీ ఆడవాళ్ళు నీకు తెలుసు. ఇస్త్రీ రోలరు నడిపిన రోలరమ్మ, దుప్పట్లు మడతపెట్టిన మడతలమ్మ. వాళ్ళూ ఇలాగే చెప్పారు. ముగ్గురి పాయింట్లూ కలిపితే ఇరవై రెండు. విషయం రోలరమ్మ చెప్పింది. లాండ్రీలో ప్రతి నెలా మొదటి సోమవారం సూపర్‌వైజరు కాగితం పట్టుకుని వరసల మధ్య నడిచేవాడట. నడుం మీద చెయ్యి వేసుకున్న మనిషి, రోలరు దగ్గర ఒక్క క్షణం ఆగిన మనిషి మర్నాటి నుంచి పనిలో ఉండేది కాదట. అందుకని కాగితం పట్టుకున్న మనిషి కనిపిస్తే ఈ ముగ్గురి వెన్నూ దానంతట అదే నిటారవుతుంది. వాళ్ళు అబద్ధం చెప్పారనలేను, వాళ్ళ వెన్ను చెప్పింది.

అయితే మీ అమ్మమ్మ విషయంలో అదొక్కటే కారణమని నాకు తోచడం లేదు. ఆ కాగితం పిల్ల రావడానికి వారం ముందే శాఖ వాళ్ళ కరపత్రం ఒకటి వచ్చింది. నా చేత చదివించుకుంది. ఒకచోట ఆపి, మళ్ళీ చదవండి అంది. మూడుసార్లు చదివాను. ఎందుకని అడిగితే నా మొహం చూసి, టీ తాగుతారా అంది.

కంపాజిటర్

*

హాస్టలు గది
ఏప్రిల్ 11

అమ్మమ్మా,

నర్సుతో ఫోనులో మాట్లాడాను. అంతా తెలిసింది, కాబట్టి తాతగారి మీద విరుచుకుపడకు.

రాజీనామా రాశాను. కవరులో పెట్టాను. సోమవారం ఇస్తే నెలాఖరుకు వదిలేస్తారు. మే ఒకటికి నీ దగ్గర ఉంటాను. ఎవరి ఇళ్ళకో వెళ్ళి ఎవరి స్నానం గురించో ప్రశ్నలడుగుతూ, నా మనిషిని తడి నేల మీద వదిలేస్తే ఆ ఉద్యోగానికి అర్థం లేదు. దీని మీద చర్చ వద్దు.

నీ మనవరాలు

*

క్వార్టర్లు, వంటగది
ఏప్రిల్ 14

ఏమే,

ఈరోజు నేను చెప్పేదంతా ఈయన రాస్తారు. మధ్యలో ఆపమన్నా ఆపవద్దని నేనే చెప్పా.

కారణం అడిగావుగా, విను. ఆ కరపత్రంలో పదిహేడో ప్రశ్న ఉంది. చూసుకునే కుటుంబ సభ్యులు ఉన్నారా అని. నాకున్న కుటుంబం నువ్వొక్కదానివే. మీ అమ్మ లేదు, మీ నాన్న ఎక్కడున్నాడో ఆయనకే తెలియాలి. నాకు కష్టంగా ఉందని చెబితే, మరి మీకెవరున్నారు అంటారు. మనవరాలు ఉందంటే నీ మీద గీత పెడతారు. ఇవాళ కాకపోతే రేపు బదిలీ అడుక్కోమంటారు, లేకపోతే మానెయ్యమంటారు. కష్టమే లేదంటే నీ ఊసే రాదు. అందుకని కష్టం లేదన్నా. కాగితం చూస్తే వెన్ను నిలబడుతుందన్నది నిజమే, కాదనను. కానీ ఆరోజు నేను తెలిసే నిలబడ్డా.

దర్జీ కూతురు నీ పెన్ను వైపే చూసిందని రాశావే, అది ఎందుకు చూసిందో నాకు తెలుసు. నాకు పదేళ్ళప్పుడు మా నానమ్మ మంచం పట్టింది. ఎవరు చూస్తారు అన్నారు పెద్దవాళ్ళు. ఆడపిల్ల ఉందిగా అన్నారు. అంతే, అయిపోయింది. నా పలక తమ్ముడికిచ్చారు. ఆరేళ్ళు చూశా. ఆవిడంటే నాకు ప్రాణం, అది వేరే సంగతి. కానీ చూస్తావా అని నన్ను ఎవరూ అడగలేదు. ఆవిడ పోయేనాటికి నాకు పదహారు, చేతిలో ఒక్క అక్షరం లేదు. నా మనవరాలి ఉత్తరం పరాయి మనిషి గొంతులో వింటున్నా అంటే అందుకే. ఈయన గొంతు బాగానే ఉంటుంది, అది కాదు.

నువ్వు ఉద్యోగం మానేసి వచ్చి నా కాలికి కట్టు కడతావా? అయితే నేను దుప్పట్లు మోసింది దేనికి?

రాజీనామా చింపు. ముక్కలు కవర్లో పెట్టి పంపు. ఈయన వాటిని కలిపి చూసి అసలుదో కాదో చెప్తారు. అంతేగానీ పెట్టె పట్టుకుని వస్తే తలుపు తియ్యను. తియ్యాలన్నా నాకు ఐదు నిమిషాలు పడుతుంది, అది వేరు.

అమ్మమ్మ

*

సంరక్షణ శాఖ, రికార్డుల గది
ఏప్రిల్ 20

అమ్మమ్మా,

ముక్కలు పంపుతున్నాను. పద్నాలుగు ఉన్నాయి. తాతగారూ, లెక్క చూసుకోండి.

నీ ఉత్తరం చదివాక రికార్డుల గదికి వచ్చి అసలు నియమాల పుస్తకం తీశాను. కాగితంలో 'చూసుకునే కుటుంబ సభ్యులు: ఉన్నారు, లేరు' అని రెండే గడులు ఉన్నాయి. పుస్తకంలో అలా లేదు. 'చూసుకోగలిగి, అందుకు తమంతట తాము ఒప్పుకున్న కుటుంబ సభ్యులు' అని ఉంది. అచ్చు వేసేటప్పుడు చోటు చాలక ఎవరో కుదించారు. మనిషి ఉంటే చాలు, గీత పెట్టమని మాకు నేర్పారు. ఒప్పుకున్నారా అని నేను ఒక్కరినీ అడగలేదు.

శనివారం దర్జీ కూతురి దగ్గరికి వెళ్ళాను. లోపలికి రమ్మనలేదు, గుమ్మంలోనే మాట్లాడింది. గంటలు తగ్గిన వారానికే బేకరీలో పని మానేసిందట. "మీరు గీత పెట్టి వెళ్ళిపోయారు. అడిగి ఉంటే చెప్పేదాన్ని కదా" అంది. తిట్టి ఉంటే బాగుండేది. సోమవారం ఆ ఫైలు తెరిచి నా గీత కొట్టేసి, కారణం రాసి సంతకం పెట్టాను.

పై అధికారి పిలిచారు. చెడ్డవారు కాదు. తనకు ఇచ్చిన గంటలు ఇన్నేనని, ఒక ఇంట్లో పెంచితే ఇంకో ఇంట్లో తగ్గించాలని చెప్పారు. అడగడం మొదలుపెడితే అందరూ చూడలేమనే అంటారన్నారు. అంటే ఇన్నాళ్ళూ అడగకుండా ఒప్పించామా సార్ అన్నాను. అన్నాక నాకే భయం వేసింది. నాకు మెమో ఇచ్చారు. తీసుకున్నాను. నేను ఆ గీత పెట్టిన ఇళ్ళు నలభై మూడు. ఆఫీసు అయ్యాక రోజుకు ఒకటి చొప్పున వెళ్ళి అడుగుతున్నాను.

ఇక నీ విషయం. శాఖలో ఉద్యోగిని కాబట్టి నీ ఫైలు ముట్టుకోకూడదు. కానీ నీ మనవరాలిగా ఒక వాంగ్మూలం ఇవ్వవచ్చు. పుస్తకం ప్రకారం అందులో ఒక్క మాట స్పష్టంగా ఉండాలి: నేను ఒప్పుకోవడం లేదు, చూడను, అని. దూరంగా ఉన్నానని మాత్రమే రాస్తే బదిలీకి అవకాశం ఉంది కదా అంటారు. మూడు రోజులుగా కాగితం ముందు కూర్చుంటున్నాను. 'మా అమ్మమ్మను' అని రాస్తాను. ఆ తరవాతి మాట రాదు. ఆ మాట నీ ఇంట్లో, నీ ముందే, ఎవరో బిగ్గరగా చదువుతారు. అది ఎలా రాయాలో తెలియడం లేదు.

నీ మనవరాలు

*

క్వార్టర్లు, వంటగది
ఏప్రిల్ 23

చిట్టితల్లీ,

ముక్కలు సరిపోయాయి. ఈయన అట్ట మీద అంటించి మరీ చూశారు. దస్తూరీ బాగుంది, పని దండగ.

ఎలా రాయాలో తెలియడం లేదన్నావు. చెప్తా, రాసుకో. 'మా అమ్మమ్మను నేను చూడను.' అంతే. నాలుగు మాటలు. ముందు వెనక ఏమీ తగిలించకు. ఏడుపు కలపకు.

ఈ లైను రాయనని ఈయన కలం కింద పెట్టేశారు. కాపీ దిద్దడం నా పని కాదన్న మనిషి దిద్దడానికి బయల్దేరారు. ఇలాంటి మాట పిల్ల చేత రాయిస్తారా, లోకం ఏమనుకుంటుంది అంటారు. లోకం పొద్దున్నే వచ్చి నా వీపు రుద్దుతుందా అన్నా. మళ్ళీ కలం తీశారు.

నువ్వు చూడనంటే నన్ను వదిలేసినట్టు కాదే. ఆ పని నీది కాదని చెప్పడం. మా నానమ్మప్పుడు ఆ మాట నా తరఫున ఎవరన్నా ఒక్కరు అని ఉంటే బాగుండునని ఎన్నిసార్లు అనుకున్నానో. నువ్వు అనగలవు, రాయగలవు, కింద సంతకం పెట్టగలవు. అందుకే చదివించా.

పునఃపరిశీలనకి అర్జీ పెట్టాం, నేను, రోలరమ్మ, మడతలమ్మ. వేలిముద్రలు వేశాం. ఇప్పుడు నిజం చెప్పడం నేర్చుకుంటున్నాం. నవ్వకు. పొద్దున ఈయన ఆఫీసరు వేషం వేశారు. కుర్చీలో వంగి కూర్చుని ముగ్గురం బాగానే మూలుగుతున్నాం. ఈయన గుమ్మంలోంచి కాగితం పట్టుకుని వచ్చారో లేదో, మడతలమ్మ లేచి నిలబడి 'రండి సార్, కూర్చోండి' అంది. రోలరమ్మ కర్ర బల్ల కిందికి తోసేసింది. నేనా, కొంగు సవరించుకున్నా. నాలుగుసార్లు చేశాం. నాలుగుసార్లూ అంతే. అయిదోసారి ఈయన కాగితం మడిచి జేబులో పెట్టుకుని వచ్చారు. అప్పుడు మడతలమ్మ కూర్చునే ఉండి, చెప్పులు తొడుక్కోవడానికి ఎంతసేపు పడుతుందో చెప్పింది. పక్కింట్లో ఉంటున్నా, మాకెవరికీ తెలియదు ఆ సంగతి.

రాయి. భయపడకు.

అమ్మమ్మ

*

హాస్టలు గది
ఏప్రిల్ 26

పునఃపరిశీలన సంఘం వారికి,

లాండ్రీ కార్మికుల క్వార్టర్లు, రెండో అంతస్తులో ఒంటరిగా ఉంటున్న అర్జీదారు నా తల్లికి తల్లి. నన్ను పెంచింది ఆమే. పదిహేడో ప్రశ్న గురించి ఈ వాంగ్మూలం ఇస్తున్నాను.

మా అమ్మమ్మను నేను చూడను.

స్నానం చేయించడానికి, కాలికి కట్టు మార్చడానికి, మంచం మీంచి లేపడానికి నేను రాను. ఉద్యోగం మానను. బదిలీ కోరను. దూరం వల్ల కుదరడం లేదని రాయమని కొందరు సలహా ఇచ్చారు. పక్క వీధిలో ఉన్నా నేను ఇదే రాసేదాన్ని కాబట్టి ఆ మాట రాయడం లేదు.

ఆమె ముప్ఫై ఒక్కేళ్ళు ప్రభుత్వ ఆస్పత్రిలో ముక్కూమొహం తెలియని రోగుల దుప్పట్లు ఉతికారు. ఆ రోగులకూ కూతుళ్ళు, మనవరాళ్ళు ఉండే ఉంటారు. దుప్పట్లు మీరే ఉతకాలని ఎవరూ వాళ్ళతో అనలేదు. అది ప్రభుత్వం చేయవలసిన పని కాబట్టి మా అమ్మమ్మ చేశారు. ఇప్పుడు ఆమెకు కావలసింది కూడా అలాంటి పనే. అది దయగా కాక, పనిగా, వేళకు జరగాలి.

నియమాల పుస్తకం నూట పన్నెండో పేజీలోని వాక్యం నకలు జతపరిచాను. నన్ను అడిగినా, అడగకపోయినా, ఇదే నా జవాబు.

అర్జీదారు మనవరాలు

*

క్వార్టర్లు, వంటగది
మే 24

చిట్టితల్లీ,

కిందటి వారం గురువారం వచ్చారు. ఒక పెద్దాయన, ఒక డాక్టరమ్మ. ఆయన చేతిలో అట్టకి బిగించిన కాగితం. చూడగానే నా వెన్ను నిలబడింది. ఇన్నాళ్ళ సాధన ఎటు పోయిందో. కుర్చీలోంచి లేవబోతున్నా. అప్పుడు నోటికి ఎలా వచ్చిందో గానీ చెప్పేశా. "అయ్యా, ఆ కాగితం కాసేపు బల్ల మీద పెట్టండి. అది మీ చేతిలో ఉంటే నేను నిజం చెప్పలేను" అన్నా. ఆయన డాక్టరమ్మ వైపు చూశారు. ఆవిడ తల ఊపింది. పెట్టారు.

తరవాత అన్నీ చూపించా. కుడి చెయ్యి ఎత్తి, ఆగిపోయిన చోట ఇంతే అన్నా. ఆ మాట నా నోట రావడం అదే మొదలు. స్నానాల గదికి ఎలా వెళ్తానో చూస్తామన్నారు. గోడ పట్టుకుని వెళ్ళా. పదకొండు అడుగులు, మూడుసార్లు ఆగా. డాక్టరమ్మ పడిపోయిన చోటు అడిగింది. చూపించా. ఆవిడ ఆ తడి నేల మీద మోకాళ్ళ మీద కూర్చుని, ఇక్కడి నుంచి మగ్గు ఎలా అందింది అని అడిగింది. మనిషి గట్టిది.

అప్పుడు నీ కాగితం తీసి ఆయన పైకి చదివారు. గుమ్మంలో రోలరమ్మ, మడతలమ్మ, ఈయన, కింది నర్సు, అందరూ ఉన్నారు. మొదటి ముక్క దగ్గర రోలరమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. దుప్పట్ల సంగతి వచ్చేసరికి తీసేసింది. చదవడం అయ్యాక ఆయన కళ్ళజోడు తీసి, ఇలా రాసిన అమ్మాయి మీద మీకు కోపం లేదా అమ్మా అన్నారు.

"ఎందుకూ? ఆ మొదటి ముక్క నేనే చెప్పి రాయించా. మిగతాది దాని చదువు."

ఆయన కాగితం తీసుకుని పదిహేడో దానిలో లేరు అన్న గడి మీద పెన్ను పెట్టబోయారు. ఆగండి అన్నా. లేకపోవడం ఏమిటి, ఉంది. ఆయన ఓపిగ్గానే చెప్పారు, ఉన్నారంటే పాయింట్లు తగ్గుతాయమ్మా, లేరని రాస్తేనే మీకు మంచిది అని. పాయింట్లు నాకు కావాలి, ఎంత కావాలో మీరిప్పుడు చూశారు. అయినా నన్ను దిక్కులేని దాన్ని చేసి ఇవ్వొద్దు అన్నా.

"ఉంది, పనిలో ఉంది, చూడదు. అలా రాయండి."

అలాంటి గడి లేదమ్మా అన్నారు ఆయన. గుమ్మంలో నిలబడ్డ ఈయన ముందుకొచ్చి, కాగితం అంచు దగ్గర వేలు పెట్టి, ఇక్కడ రెండు లైన్లు పడతాయి సార్ అన్నారు. ఆయన డాక్టరమ్మని చూశారు, నన్ను చూశారు, రాశారు. ఈయన చేత రెండుసార్లు చదివించుకుని, మాట పోలేదని తెలిశాకే వేలిముద్ర వేశా.

ఇరవై ఆరు వచ్చాయి. ఐదు పొద్దులూ మళ్ళీ ఇచ్చారు. రోలరమ్మకి మూడు పొద్దులు. మడతలమ్మ మాత్రం ఆయన కాగితం తియ్యగానే లేచి వెళ్ళి టీ పెట్టుకొచ్చింది. పదకొండు పాయింట్లు. దానికి ఇంకో అర్జీ ఉందట. ఈయన రోజూ పొద్దున కాగితం పట్టుకుని దాని గుమ్మంలో నిలబడుతున్నారు. నిన్న మొదటిసారి కూర్చునే ఉండి, మీరే తీసుకోండి టీ అందట.

నీ మెమో ఏమైందో రాయలేదు. నలభై మూడు ఇళ్ళలో ఎన్ని అయ్యాయో కూడా రాయలేదు. రాయి. ఉద్యోగానికి ముప్పు ఉంటే అదీ రాయి. మన ఇంట్లో దాచుకోవడాలు ఇక చాలు.

మొన్న సోమవారం నుంచి కొత్త పొద్దుటామె వస్తోంది. ఎనిమిదింటికి వస్తుంది, గలగలా మాట్లాడుతుంది, నీళ్ళు వేడి సరిపోయాయా అని ముందు అడిగి అప్పుడు పోస్తుంది. అడిగే మనిషి.

సెలవు దొరికినప్పుడు రా. చుట్టంలా రా. తొమ్మిదింటికల్లా నా స్నానం అయిపోయి, తల దువ్వించుకుని కుర్చీలో కూర్చుని ఉంటా. నీకు చెయ్యడానికి పనేమీ ఉండదు. ఎదురుగా కూర్చుని కబుర్లు చెప్పుదువు గాని.

అమ్మమ్మ